నేల లోపలికి చూసే రాడార్: అది చెప్పేదెంత, చెప్పనిదెంత

భూమిని త్రవ్వకుండా, పైనుండి విద్యుదయస్కాంత తరంగాలను లోపలికి పంపి, అవి దేనికో తగిలి తిరిగివచ్చినప్పుడు పట్టుకొని, ఫలానా చోట ఫలానా లోతున ఏదో ఉన్నదని తెలియజేసే పరికరాన్ని భూగర్భ రాడార్ అంటారు. పత్రికలలో జీపీఆర్ అనే పొడి అక్షరాలతో కనిపించేది ఇదే. ఆకాశంలో విమానాలను వెదికే రాడార్‌కు ఇది దగ్గరి చుట్టం. అది పైకి చూస్తుంది, ఇది క్రిందికి చూస్తుంది.

సరిహద్దు గ్రామాలలో ఉండే మనకు ఈ పరికరం పేరు మూడు దారుల్లో చెవిన పడుతున్నది. బోరుబావికి చోటు చూపుతామని వచ్చేవారి ద్వారా ఒకటి; రోడ్ల వెంట మంచినీటి గొట్టాలు, కేబుళ్ళు వేసేవారి ద్వారా ఒకటి; పాత కోటలోనో పాడుబడిన గుడి వెనుకనో బంగారమున్నదని చెప్పేవారి ద్వారా మరొకటి. మొదటి దారిలో అప్పులు, మూడవ దారిలో మోసాలు ఎక్కువ. కావున ఈ యంత్రం నిజంగా ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఇంటింటా తెలిసి ఉండడం మంచిది.

తరంగం వెళ్ళి రావడం

సంతలో కొబ్బరికాయ కొనేవారు దాన్ని పగులగొట్టి చూడరు. వ్రేలితో తట్టి, చెవి దగ్గర ఊపి, లోపల నీరున్నదో లేదో తెలుసుకొంటారు. కుమ్మరివాని దగ్గర కుండను తట్టి బీట ఉన్నదేమో వింటారు. రాడార్ చేసేది కూడా తట్టి వినడమే. అయితే అది ధ్వనితో కాక రేడియో తరంగంతో తడుతుంది.

పరికరం చూపునకు చిన్న తోపుడుబండిలా ఉంటుంది. అడుగున నేలను ఆనుకొని రెండు యాంటెన్నాలు ఉంటాయి. ఒకటి అతి స్వల్పకాలపు తరంగపు తునకను నేలలోకి పంపుతుంది. రెండవది తిరిగివచ్చే దానికోసం ఎదురుచూస్తుంది. బండి కదులుతున్నంతసేపూ ఈ పంపడం, వినడం సెకనుకు వేలసార్లు జరుగుతూనే ఉంటుంది. ఆ తరంగాల శక్తి సెల్‌ఫోను శక్తి కంటే చాలా తక్కువ. పైరుకు గాని, పశువుకు గాని, మనిషికి గాని హాని లేదు.

తరంగం ఎందుకు తిరిగివస్తుంది? ప్రతి పదార్థానికి తనలో పయనించే తరంగాన్ని నిదానింపజేసే గుణం ఒకటి ఉంటుంది. భౌతికశాస్త్ర పుస్తకాలలో దీన్ని పెర్మిటివిటీ అంటారు. గాలికి ఇది సుమారు 1, పొడి ఇసుకకు 3 నుండి 5, గ్రానైటు రాతికి దాదాపు 5, బాగా తడిసిన నేలకు 25 దాకా, నీటికి 80 ఉంటుంది. ఒక గుణంగల పొర నుండి మరొక గుణంగల పొరలోకి తరంగం అడుగుపెట్టే సరిహద్దు వద్ద దానిలో కొంత భాగం వెనుదిరుగుతుంది. రెండు పక్కల తేడా ఎంత ఎక్కువైతే తిరిగివచ్చేది అంత బలంగా ఉంటుంది. రెండు పక్కలా ఒకే రకపు నేల ఉంటే తిరిగిరావడానికి ఏమీ ఉండదు. లోహమైతే తనపై పడినదాన్ని దాదాపు మొత్తం వెనుకకు కొడుతుంది. అందువలన ఇనుప గొట్టం బాగా కనిపిస్తుంది, కాని దాని క్రింద ఏమున్నదో కనిపించదు.

లోతు లెక్క ప్రతిధ్వని లెక్క వంటిదే. ఈ పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలచేత బావి లెక్క చేయిస్తాను: కేక వేసినప్పటి నుండి వినిపించేవరకు పట్టిన కాలాన్ని వేగంతో హెచ్చించి, వెళ్ళడం రావడం రెండూ ఉన్నాయి గనుక రెండుతో భాగించాలి. ఇక్కడ సెకన్లు లేవు, సెకనులో నూరుకోట్లవ వంతైన నానోసెకన్లు ఉన్నాయి. గాలిలో తరంగం ఒక నానోసెకనుకు 30 సెంటీమీటర్లు పోతుంది. పెర్మిటివిటీ 9 ఉన్న ఒక మోస్తరు నేలలో 10 సెంటీమీటర్లే పోతుంది. 40 నానోసెకన్లకు జవాబు వచ్చినదంటే మొత్తం ప్రయాణం 400 సెంటీమీటర్లు, వస్తువు లోతు 2 మీటర్లు.

అయితే అదే చోట ముందురోజు వాన కురిసి నేల బాగా నానిందనుకొందాం. పెర్మిటివిటీ 25కు పెరుగుతుంది, వేగం 6 సెంటీమీటర్లకు పడిపోతుంది. అప్పుడు అదే 40 నానోసెకన్లకు అర్థం 1 మీటరు 20 సెంటీమీటర్లు. అనగా నేల తడిని సరిగా అంచనా కట్టకుండా లెక్కవేసిన లోతులో 80 సెంటీమీటర్ల తప్పు వచ్చింది. గడ్డపార పట్టినవానికి ఇది చిన్న తేడా కాదు, లోపల కరెంటు కేబులున్నచోట మరీ కాదు. అందుకే తెలిసిన ఆపరేటరు ముందుగా లోతు తెలిసిన గొట్టం ఒకదానిపై బండిని నడిపి, ఆ నేలలో తరంగ వేగమెంతో సరిచూసుకొంటాడు. ఆ పని చేయకుండా అంగుళాలతో సహా లోతు చెప్పేవానిని ఒకసారి అనుమానంగా చూడవలసినదే.

తెరమీద కనిపించేది బొమ్మ కాదు. ఇది చాలామందికి తెలియని సంగతి. నేల లోపలి కుండ కుండలా, పెట్టె పెట్టెలా తెరపై కనబడవు. అడ్డంగా ఉన్న గొట్టం మీదుగా బండి పోతున్నప్పుడు, ఇంకా దూరాన ఉండగానే ఏటవాలుగా పోయిన తరంగం దానికి తగిలి ఆలస్యంగా తిరిగివస్తుంది. సరిగ్గా పైకి వచ్చినప్పుడు అన్నిటికంటే త్వరగా వస్తుంది. దాటిపోయిన తరువాత మళ్ళీ ఆలస్యమవుతుంది. ఈ కాలాలను వరుసగా గీస్తే బోర్లించిన మూకుడు ఆకారంలో ఒక వంపు ఏర్పడుతుంది. ఆ వంపు శిఖరం వస్తువున్న చోటు. గొట్టానికి సమాంతరంగా బండిని నడిపితే వంపు రాదు, పొడవాటి గీత వస్తుంది. అది చూచి రాతిపొర అని పొరబడవచ్చు. కావున పొలం దున్నినట్లు నిలువు చాళ్ళు, అడ్డ చాళ్ళు రెండూ నడపాలి. తెర మీది వంపును చూచి చెట్టు వేరా, బండరాయా, గొట్టమా అని తేల్చేది యంత్రం కాదు, దాన్ని చదివే మనిషి.

ఏ నేలలో ఎంత లోతు

ఈ రాడార్ ఎంత లోతు చూస్తుందని అడిగితే, ఏ నేల అని ఎదురు అడగవలసి ఉంటుంది. కరెంటును తనగుండా పోనిచ్చే నేల తరంగాన్ని మింగివేస్తుంది. బంకమన్ను, ఉప్పునీరు ఈ మింగడంలో ముందుంటాయి. పొడి ఇసుక, మంచు, గట్టి గ్రానైటు తరంగానికి దారి ఇస్తాయి.

బళ్ళారి, రాయచూరు వైపు నల్లరేగడిని తీసుకోండి. కన్నడంలో ఎరె భూమి అని, తమిళనాట కరిసల్ అని పిలిచే ఈ నేల బంకమన్నుతో నిండినది, తడిని పట్టి ఉంచుకొనేది. వానాకాలంలో ఇక్కడ రాడార్ చూపు చాలాచోట్ల ఒక మీటరు కూడా దిగదు. యానాం పరిసరాలలో గోదావరి ఒండ్రు, దానికి తోడు సముద్రపు ఉప్పు. అక్కడ ఇంకా కష్టం. గంజాం తీరపు ఇసుకలో పైపైన బాగానే కనిపిస్తుంది గాని, ఉప్పునీటి మట్టం తగలగానే తెర చీకటవుతుంది. కోలారు, కృష్ణగిరి ప్రాంతాల ఎర్రనేలలు కొంత మేలు; వాటి క్రింది గట్టి గ్రానైటులోనైతే పగుళ్ళను పది పదిహేను మీటర్ల దాకా చూడగలిగిన సందర్భాలున్నాయి. ధ్రువప్రాంతపు మంచులో ఇదే పద్ధతి కిలోమీటర్ల లోతును కొలుస్తుంది.

యాంటెన్నా ఎంపికలో కూడా ఒక ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నది. 400 మెగాహెర్ట్జ్ తరంగం మోస్తరు నేలలో 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. దానితో ఆరేడు సెంటీమీటర్ల తేడాలను వేరుచేసి చూడవచ్చు, కాని అది ఎక్కువ లోతు పోదు. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు ఒక మీటరు. అది లోతుకు పోతుంది, చిన్న వస్తువులను మాత్రం గుర్తించదు. అనగా 10 మీటర్ల లోతున ఉన్న చిన్న నాణేల ముంతను చూపే రాడార్ ఏదీ లేదు. లోతు కావాలంటే సూక్ష్మాన్ని, సూక్ష్మం కావాలంటే లోతును వదులుకోవాలి. ఎంత ఖరీదు పెట్టినా ఈ నియమం మారదు.

ఎలా పుట్టింది

జర్మనీలో 1904లో క్రిస్టియన్ హుల్స్‌మేయర్ అనే ఇంజనీరు రేడియో తరంగాలతో ఓడలను గుర్తించే పరికరానికి పేటెంటు పొందాడు. 1910లో లైంబాఖ్, లోవీ అనే ఇద్దరు నేలలోపలి వస్తువులకు ఈ ఊహను అన్వయించి మరొక పేటెంటు తీసుకొన్నారు. 1929లో ఆస్ట్రియాలో ఒక హిమానీనదం లోతును రేడియో తరంగాలతో కొలిచారు. తరువాత ఈ విద్య చాలాకాలం మరుగున పడింది. మళ్ళీ దానిపై దృష్టి పడడానికి ఒక కారణం గ్రీన్‌లాండ్ మంచుపై దిగబోయిన అమెరికా విమానాలు: ఎత్తు కొలిచే వాటి రేడియో పరికరాల తరంగాలు మంచు ఉపరితలం వద్ద ఆగక లోపలికి చొచ్చుకొనిపోయి తప్పు ఎత్తు చూపించాయి. విమానానికి కీడు చేసిన ఆ గుణమే మంచు మందాన్ని కొలిచేవారికి పనిముట్టయింది.

1972 డిసెంబరులో అపోలో 17 నౌక చంద్రుని చుట్టూ తిరుగుతూ ఇటువంటి పరికరంతోనే చంద్రుని పైపొరల లోతును పరీక్షించింది. 1981 నవంబరులో కొలంబియా అంతరిక్షనౌక నుండి పంపిన రాడార్ తరంగాలు సహారా ఎడారిలో అతి పొడి ఇసుక పొరను దాటి, దాని క్రింద పూడిపోయిన ప్రాచీన నదుల పాయలను బయటపెట్టాయి. 2021 ఫిబ్రవరిలో అంగారకునిపై దిగిన పర్సెవరెన్స్ బండి కూడా తన అడుగున ఒక భూగర్భ రాడార్‌ను మోసుకొనిపోయింది. ఇటలీలో మట్టిక్రింద ఉన్న ఫలేరీ నోవీ అనే రోమను పట్టణం పటాన్ని, ఒక్క గడ్డపార దెబ్బ వేయకుండా, గుడి, సంత, స్నానశాలలతో సహా పరిశోధకులు గీసి 2020లో ప్రకటించారు.

పూరీలో ఒక జవాబు, సొరంగంలో ఒక జవాబు

ఒడిశాలో ఉండే మనవారికి పూరీ జగన్నాథస్వామి రత్నభాండాగారపు సంగతి చెప్పనక్కరలేదు. లోపలి గదిలోని నగలను లెక్కించింది 1978లో. ఆ గది అడుగున మరొక రహస్య గది ఉన్నదని, సొరంగమున్నదని తరతరాలుగా చెప్పుకొన్నారు. 2024 జూలై 14న భాండాగారాన్ని తెరిచారు. ఆ సెప్టెంబరులో కేంద్ర పురావస్తు శాఖ కోసం హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు భూగర్భ రాడార్‌తో గోడలను, నేలను పరిశీలించారు. అటువంటి రహస్య గది ఏదీ లేదని ఆ తరువాత అధికారులు ప్రకటించారు.

ఈ పని రాడార్‌కు అనువైనది. రాయికి, ఖాళీ గదిలోని గాలికి మధ్య తేడా స్పష్టమైనది. లోతు కొద్ది మీటర్లు. అడిగిన ప్రశ్న కూడా సూటియైనది: ఖాళీ ఉన్నదా, లేదా? ఉంటే తరంగం తిరిగివచ్చేది. నలుగురి నోళ్ళలో నానిన నమ్మకాన్ని రాయి కదల్చకుండా పరీక్షించి లేదని చెప్పడం, ఉన్నదని చెప్పడమంత విలువైనదే అని నా అభిప్రాయం.

ఐదు నెలల తరువాత అదే సంస్థవారికి మరొక ప్రశ్న ఎదురైంది. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం పైకప్పు కూలింది. సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిదిమంది చిక్కుకొన్నారు. బురద, ఊటనీరు, రాళ్ళు, ముక్కలైన సొరంగయంత్రపు ఉక్కు అన్నీ కలిసి దారిని మూసివేశాయి. రాడార్‌ను లోపలికి తీసుకొనిపోయి అనుమానపు చోట్లను గుర్తుపెట్టారు. బయట ఎనిమిది కుటుంబాలవారు ఆ గుర్తుల మీదనే ఆశ పెట్టుకొని ఎదురుచూశారు. గుర్తుపెట్టిన చోట్ల త్రవ్వితే లోహపు తుక్కు, రాళ్ళు వచ్చినట్లు ఆ రోజుల పత్రికలు వ్రాశాయి. తరువాత కేరళ పోలీసుల దగ్గరనుండి మృతదేహాలను వాసనతో పసిగట్టే శునకాలను రప్పించారు. మార్చి 9న మొదటి మృతదేహం, 25న రెండవది బయటపడ్డాయి.

దీన్ని శాస్త్రవేత్తల వైఫల్యంగా కొందరు మాట్లాడారు. అది న్యాయం కాదు. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరు. నీరు నిండిన బురదలో నీరు నిండిన శరీరం తరంగానికి పెద్ద తేడాగా తోచదు. ఉక్కు ముక్కలు మాత్రం గట్టిగా జవాబిస్తాయి. రాడార్ తనకు తెలిసిన ఒక్కమాటే చెప్పింది: ఇక్కడ తేడా ఉన్నది. ఆ తేడా మనిషా, ఇనుమా అని చెప్పే శక్తి దానికి లేదు. శునకం ముక్కుకు ఆ శక్తి ఉన్నది.

బోరుబావికి పనికివస్తుందా

నూరు మందిలో తొంభైమంది రైతులు అడిగే ప్రశ్న ఇది. మన ప్రాంతాలలో బోర్లు 300 అడుగులు, 600 అడుగులు, కొన్నిచోట్ల 1000 అడుగులు దాటిపోతున్నాయి. పైన చెప్పిన లోతులను చూస్తే సమాధానం తెలిసిపోతుంది: చేతితో నడిపే రాడార్ బండి అంత లోతున ఉన్న నీటిని చూపలేదు. రాడార్‌తో 500 అడుగులలో రెండంగుళాల నీరున్నదని చెప్పి డబ్బు తీసుకొనేవారు రాడార్ పేరును మాత్రమే వాడుకొంటున్నారు.

బోరు చోటు చూడడానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న శాస్త్రీయ పద్ధతి వేరు. నేలలో ఒకే వరుసన నాలుగు ఇనుప కడ్డీలు దిగగొట్టి, చివరి రెండింటిగుండా కరెంటు పంపి, నడిమి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఎక్కువ లోతునుండి పోతుంది. ఏ లోతున నేల కరెంటును ఎంత అడ్డగిస్తున్నదో లెక్కకట్టి, మెత్తబడిన రాయి ఎంత మందమున్నదో, గట్టి బండ ఎక్కడ మొదలవుతున్నదో అంచనా వేస్తారు. గ్రానైటు ప్రాంతంలో నీరు నిలిచేది ఆ మెత్తబడిన పొరలోను, బండ పగుళ్ళలోను. ఇది కూడా నీరున్నదని నేరుగా చెప్పదు, నీరుండదగిన చోటును చెబుతుంది. సన్నని పగులు లోతున ఉంటే దీనికీ దొరకదు. ఈ కొలత చేయించుకొన్న రైతు అంకెల కాగితాన్ని అడిగి దగ్గర ఉంచుకోవాలి; ప్రక్క పొలంలో బోరు వేసినప్పుడు దొరికిన పొరలతో పోల్చి చూడడానికి అదే ఆధారం. వేపపుల్ల తిరగడం, అరచేతిలో కొబ్బరికాయ నిలబడడం వంటివాటిలో అటువంటి కాగితం ఉండదు, తరువాత సరిచూచుకొనే వీలూ ఉండదు.

ఇంకా పెద్ద స్థాయిలో విద్యుదయస్కాంత పద్ధతి ఒకటి ఉన్నది. హెలికాప్టరు క్రింద పెద్ద తీగచుట్టను వ్రేలాడదీసి, దానిలో కరెంటును పంపి ఒక్కసారిగా ఆపివేస్తారు. ఆ ఆపడం వలన నేలలో పుట్టే సుడి ప్రవాహాలు ఎంత త్వరగా అణగిపోతున్నాయో కొలిచి, వందల అడుగుల లోతు వరకు పొరల స్వభావాన్ని గ్రహిస్తారు. 2010వ దశకంలో కేంద్ర భూగర్భజల మండలి, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలిసి ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా పరీక్షించిన చోట్లలో కర్ణాటకలోని తుమకూరు జిల్లా అంకసంద్ర, మహారాష్ట్రలోని నాగపూరు వైపు చంద్రభాగ పరీవాహకం, తమిళనాట కడలూరు ప్రాంతం ఉన్నాయి. మొదటిది గ్రానైటు, రెండవది నల్లరాయి, మూడవది ఒండ్రు పొరలు. ఇది ఒక రైతు తన పొలానికి చేయించుకొనేది కాదు. ప్రభుత్వం ఒక నదీలోయకు మొత్తంగా చేయించవలసినది.

బంగారం చూపే యంత్రం

ఇక మూడవ దారి. గుడి ముందర తలుపు దగ్గర పోలీసుల చేతిలో కనిపించే మెటల్ డిటెక్టరు రాడార్ కాదు. అది తీగచుట్టతో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, దగ్గరలో లోహముంటే ఆ క్షేత్రంలో వచ్చే మార్పును గుర్తిస్తుంది. ఒక నాణెమైతే జానెడు, మహా అయితే మూరెడు లోతు. ఇనుప మేకునూ బంగారు కాసునూ కొంతవరకు వేరుచేయగల యంత్రాలున్నాయి గాని, కచ్చితంగా కాదు. మందుపాతరలను వెదికేవారు మెటల్ డిటెక్టరును, రాడార్‌ను ఒకే కర్రకు బిగించి వాడుతున్నారు: ఒకటి లోహమని చెబితే, రెండవది వస్తువు పరిమాణాన్ని చెబుతుంది. ప్రాణాలతో ముడిపడిన ఆ పనిలో కూడా ఒక్క పరికరాన్ని నమ్మడం లేదు.

ఇంతకు మించి, కిలోమీటరు దూరాన ఉన్న బంగారం వైపు తానే తిరిగే సూదిగల యంత్రం ఈ లోకంలో లేదు. ఇటువంటి ఒక బూటకపు పరికరం ఏడీఈ 651 అనే పేరుతో దేశదేశాలకు అమ్ముడుపోయింది. ప్లాస్టిక్ పిడి, దానిపై అటూ ఇటూ తిరిగే కమ్మి. లోపల ఏమీ లేదు. బాంబులను పసిగడుతుందని నమ్మి ఇరాక్ తనిఖీ కేంద్రాలలో దీన్ని వాడారు. దాన్ని అమ్మిన జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారికి 2013 మే నెలలో బ్రిటన్ న్యాయస్థానం 10 ఏళ్ళ జైలుశిక్ష విధించింది. అదే నమూనా కమ్మి, వేరే పేరుతో, బంగారం వెదికే యంత్రంగా మన ఊళ్ళకు వస్తున్నది. బియ్యపు గింజలను లాగే రాగి చెంబును కోట్లకు కొంటారని చెప్పే రైస్ పుల్లర్ ముఠాలు వీరికి అన్నదమ్ములే. ఈమధ్య ఉపగ్రహ చిత్రంలో మీ పొలంలో నిధి కనిపించినదని కూడా చెబుతున్నారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి పంపిన నైసార్ ఉపగ్రహం రాడార్‌తోనే భూమిని చూస్తుంది. నేల కుంగడం, మంచు కదలడం, పంటల తీరు దాని పని. పొలంలో పాతిన లంకెబిందె దానికి కనిపించదు.

ప్రభుత్వాలు కూడా ఈ ఆశకు లొంగినవే. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో 1000 టన్నుల బంగారం కనిపించినదన్నారు. భూగర్భ సర్వేలో లోపల ఏదో తేడా ఉన్నట్లు నివేదిక వచ్చింది. పురావస్తు శాఖ త్రవ్వింది, బంగారం లేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే నిధి కోసం త్రవ్వకాలు మొదలుపెట్టారు. అక్కడా నిధి దొరకలేదు. తేడా ఉన్నదనే యంత్రపు మాటను నిధి ఉన్నదనే మాటగా మనమే తర్జుమా చేసుకొంటున్నాము.

కోలారు గనులలో పనిచేసిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. 2001లో మూతపడేనాటికి అక్కడ టన్ను రాయికి దొరికింది కొద్ది గ్రాములే. మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగిన ఆ గనిలో కూడా రాయిని పగులగొట్టి, పొడిచేసి, పరీక్షించిన తరువాతనే బంగారమెంతో తెలిసేది. పైనుండి చూపించే యంత్రముంటే అన్ని తరాల కూలీలు అంత లోతు దిగవలసిన పని ఉండేది కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు మించితే, దొరికినవారు కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. కర్ణాటకకు 1962 నాటి సొంత చట్టమున్నది. రక్షిత కట్టడాల పరిధిలో అనుమతి లేకుండా గడ్డపార దింపడమే నేరం. పునాది త్రవ్వుతుండగా పాత కుండో, శాసనమో, నాణేలో బయటపడితే అక్కడే పని ఆపి, గ్రామాధికారి ద్వారా తహసీల్దారుకు కబురు చేయడం క్షేమం. వస్తువును కదిలించకుండా ఉంచితే అది ఏ కాలపు పొరలో ఉన్నదో పురావస్తు శాఖవారు చదవగలరు. కడిగి, తోమి, ఇంట్లో పెట్టుకొన్నదానిలో ఆ చదువు సగం పోతుంది.

ఇంటి పని, పొలం పనిలో

రోడ్డు ప్రక్కన జేసీబీతో త్రవ్వేటప్పుడు కరెంటు కేబులు, ఇంటర్నెట్ తీగ, గ్యాసు గొట్టం తెగడం నేడు సాధారణమైంది. రాడార్ నిజంగా అక్కరకు వచ్చే చోటు ఇదే: లోతు తక్కువ, ప్రశ్న సూటి. ప్లాస్టిక్ గొట్టాన్ని మెటల్ డిటెక్టరు చూడలేదు. రాడార్ చాలాసార్లు చూడగలదు, లోపల నీరుంటే మరింత స్పష్టంగా. త్రవ్వబోయేవారు ముందుగా తెలియజేస్తే, అక్కడ తీగలు, గొట్టాలు ఉన్న సంస్థలకు కబురందేలా కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న కాల్ బిఫోర్ యు డిగ్ అనే మొబైల్ యాప్‌ను ప్రారంభించింది. పంచాయతీ పనులు చేయించే సభ్యులు గుత్తేదారుచేత దీన్ని వాడించవచ్చు.

రాడార్ సర్వే చేయించవలసి వస్తే వేసవి చివర, నేల ఎండి ఉన్నప్పుడు చేయించడం మేలు. పొలాన్ని ముందే చదును చేసి, కంప తీసి, ఇనుప కంచెలకు దూరంగా చాళ్ళు గీయించాలి. యాంటెన్నా నేలను ఆనకుండా ఎగిరెగిరి పడితే తెరపై కనిపించేది సగం అబద్ధమే. పని ముగిశాక ఏ ఫ్రీక్వెన్సీ యాంటెన్నా వాడారో, తరంగ వేగాన్ని ఎంతగా తీసుకొన్నారో, ఎన్ని చాళ్ళు నడిపారో వ్రాసి ఇమ్మని అడగాలి. ఆ మూడు అంకెలుంటే ఇంకొక నిపుణుడు అదే కాగితాన్ని మళ్ళీ చదివి లోతును సరిచూడగలడు.